రాయిస్‌కి తగిలిన లాటరీ

మా అన్న రాయిస్ ఇంట్లో ఉన్న తుపాకులన్నిటినీ వాడికి తెలియకుండా ఒక్క పూటలో మాయం చేసిన మొనగాణ్ణి నేనే. మా డ్రై ఫోర్క్‌లో ఈ పని చెయ్యడమంటే చేపకి తెలియకుండా చెరువు తోడెయ్యడం. తూర్పు మోంటానాలో మనుషుల కంటే ఆవులు ఎక్కువ, ఆవుల కంటే తుపాకులు ఎక్కువ, తుపాకుల కంటే గాలి ఎక్కువ. ఆ గాలిలో, పట్టపగలు, రైఫిళ్ళూ షాట్‌గన్లూ మా తాత పిస్తోలుతో సహా, వాడి కుక్క కూడా తల ఎత్తకుండా నా బండిలోకి ఎక్కించాను.

ఇదే మాట మా అమ్మతో కూడా అన్నాను. అమ్మ వంటగది కిటికీలోంచి బయటికి చూసింది.

"మరి ఆ ఆఖరి పెట్టె మోసుకొస్తున్నది ఎవర్రా?"

మోసుకొస్తున్నది రాయిస్.

సరే. దొంగతనం కాదు. వాడే పొద్దున్నే ఫోన్ చేసి, "కోల్బీ, బండి తీసుకురా. వీటిని పట్టుకుపో" అన్నాడు. నేను వెళ్ళేసరికి తుపాకులన్నీ తుడిచి, గుడ్డల్లో చుట్టి, గుమ్మంలో వరసగా పెట్టి ఉంచాడు. నేను చేసిందల్లా బండి తలుపు తెరవడం. అదీ ఇరుక్కుపోతే వాడే లాగాడు.

ముందు రోజు వాడు పనికి పోలేదు. విడిగా ఉంటున్న కార్లీన్ వదిన ఇంటి ఎదురుగా బండి ఆపుకుని, ఒళ్ళో రైఫిల్ పెట్టుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఎందుకెళ్ళాడో వాడికి తెలీదు. ఎలా తిరిగొచ్చాడో అసలే తెలీదు.

"కార్లీన్ ఆరేసిన బట్టలు తియ్యడానికి బయటికొచ్చింది," అన్నాడు అమ్మ ముందు కూర్చుని. "నన్ను చూళ్ళేదు. నేను చూశాను. అప్పుడు నా చెయ్యి రైఫిల్ మీద ఎక్కడుందో చూసుకున్నాను. అమ్మా, దాన్నక్కడ నేను పెట్టలేదు."

అమ్మ ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. నేనేదో జోకు వెయ్యాలని చూశాను. దొరకలేదు. పుట్టి బుద్ధెరిగాక నాకలా జరగడం అదే మొదలు.

రాయిస్ ధాన్యం గోదాములో పనిచేసేవాడు. మంచు కరిగిన దగ్గర్నుంచీ వాడికి నిద్ర లేదు. గోధుమలు గొట్టంలో జారుతుంటే ఆ చప్పుడులో వాడి పేరు వినబడేదట. "ఏమంటున్నాయన్నా గోధుమలు? జీతం పెంచుతామంటున్నాయా?" అని నేను ఆటపట్టించేవాణ్ణి. కొన్నాళ్ళకి వదిన వాడి మీద చాడీలు చెబుతోందని కూడా ఆ గొట్టమే చెప్పింది. వదినని ఇంట్లోంచి పొమ్మన్నదీ వాడే, పోయిందని వాకిట్లో కూర్చుని ఏడ్చిందీ వాడే.

అమ్మ డాక్టరు కోసం ఫోన్ చేసింది. మాకు దగ్గర్లో ఉన్న మనసు డాక్టరు బండిలో నాలుగు గంటల దూరం. లైన్లో ఉంచి వాళ్ళు వినిపించే సంగీతం వినీ వినీ మా కుక్క దానికి తగ్గట్టు ఊళ పెట్టడం నేర్చుకుంది. చివరికి ఒకమ్మాయి పలికి, జులైలో ఖాళీ ఉందంది. అప్పటికి మేం అక్టోబర్లో ఉన్నాం.

"అందాకా ఏం చెయ్యమంటావు తల్లీ?"

"ప్రమాదమనిపిస్తే షెరీఫ్‌కి ఫోన్ చెయ్యండి."

అమ్మ షెరీఫ్‌కి ఫోన్ చేసి, తెలిసినవాళ్ళ అబ్బాయి గురించి అన్నట్టు అడిగింది.

"అతనేమైనా చేశాడామ్మా?"

"ఇంకా లేదు."

"చేశాక ఫోన్ చెయ్యండి."

ఒకప్పుడు మా ఊళ్ళోనే చిన్న ఆసుపత్రి గది ఉండేది. ఒకావిడ వచ్చి కూర్చుని, ఎవరి గోడైనా వినేది. డబ్బు చాలక మూసేశారు. ఇప్పుడా గదిలో, వేటాడిన జంతువుల తోళ్ళలో దూది కూరి బొమ్మలు చేసేవాడున్నాడు. అతనూ ఓపికమంతుడే గానీ, అతని దగ్గరికెళ్ళాలంటే ముందు చావాలి.

తుపాకులన్నీ అమ్మ నేలమాళిగలో బంగాళాదుంపల బస్తాల కింద పెట్టాం. "ఈ సంగతి గడప దాటకూడదు" అంది అమ్మ. డ్రై ఫోర్క్‌లో తుపాకీ లేని మగాడంటే లాగు లేని మగాడి కింద లెక్క. లాగు లేనివాడిని కనీసం ఎవరో ఒకరు కండువా ఇచ్చి ఆదుకుంటారు.

ఒక్క కార్లీన్ వదినకి మాత్రం చెప్పాలన్నాం. ఆ పని నా మీద పడింది. వదిన బడి వంటగదిలో పనిచేస్తుంది. పిండి చేతులతోనే వెనక గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, ఇంక భయం లేదు. వాడి దగ్గర ఒక్కటి కూడా లేదు. ఇంకోటి వాడి చేతికి రాకుండా నేను చూసుకుంటా."

"మాటిస్తున్నావా, వేళాకోళమా?"

"మాటే."

"నీ పెళ్ళికి పిలిచి, మేమంతా కొత్త బట్టలేసుకుని వస్తే గొర్రెకి ముసుగేసి నిలబెట్టినవాడివిరా నువ్వు."

"అది వేళాకోళం. ఇది మాట."

వదిన కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత చేతులు దులుపుకుని, "ఇవాళైనా కాస్త నిద్రపోతాను" అంది.

వేట కాలం వచ్చింది. పెట్రోలు బంకు దగ్గర అందరూ అడగడం మొదలుపెట్టారు.

"మీ అన్న ఈ ఏడు వేటకి రాడేంట్రా?"

"జింకలన్నీ కలిసొచ్చి కాళ్ళ మీద పడ్డాయి. పోన్లెమ్మని వదిలేశాడు."

నవ్వారు. నా నోటికి అదొక్కటే తెలుసు.

ఇక లాటరీ సంగతి. మా ఊళ్ళో ఏ పుణ్యకార్యానికి డబ్బు కావాలన్నా రైఫిల్ బహుమతిగా పెట్టి లాటరీయే. చర్చి కప్పు కారితే రైఫిల్, ఆడపిల్లల వాలీబాల్ జట్టుకి బస్సు కావాలంటే రైఫిల్, ఎవరికైనా కడుపు కోసి కుట్టాలంటే రైఫిల్. ఒక్క ఏడు మార్పుగా ఉంటుందని చేత్తో కుట్టిన బొంత పెట్టారు. కుట్టిన ఆడవాళ్ళే టికెట్లు కొన్నారు, కుట్టినావిడకే తగిలింది. ఆవిడ ఏడ్చుకుంటూ ఇంటికి పట్టుకుపోయింది.

ఈ ఏడు లాటరీ దేనికంటే, వారానికోసారి నగరం నుంచి మనసు బాగుచేసే కౌన్సిలర్ని పిలిపించడానికి. పోయిన చలికాలం మా ఊళ్ళో గట్టిగా చెప్పుకోలేని చావులు రెండు జరిగాయి. అందుకని కమిటీ పెద్ద వెర్నా అత్త మొదలుపెట్టింది. బహుమతి ఏంటని ఎవరూ అడగలేదు. తుపాకుల కొట్టు ఆర్లో తన కొట్లోంచి మేలైన రైఫిల్ ఒకటి ఇచ్చాడు. దాన్ని ఫైర్ స్టేషన్ హాల్లో, 'మనసు విప్పి మాట్లాడండి' అన్న పెద్ద గుడ్డ బ్యానరు కింద వేలాడదీశారు. ఇందులో ఏదో తేడా ఉందని ఊరు మొత్తానికి నా ఒక్కడికే తట్టింది. నేనది జోకనుకున్నాను.

టికెట్లు అమ్మేది నేను. నేనైతే చచ్చినవాళ్ళకి కూడా అమ్ముతానని వెర్నా అత్త నమ్మకం. మా దగ్గర కొన్నవాడు తన పేరే రాయాలనేం లేదు. ఎవరి మొహమైనా వాడిపోయి కనిపిస్తే, వాళ్ళ పేర రాయిస్తారు. మా ఊళ్ళో జాలి చూపించడం అదే. దగ్గరికెళ్ళి ఏమైందని అడగరు. టికెట్ రాస్తారు.

ఈ ఏడు ఊరి జాలంతా రాయిస్ మీదే. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలీదు. దాణా కొట్టు గ్రోవర్ మామ నాలుగు టికెట్లు కొన్నాడు.

"నా బీరువాలో ఇంకోటి పెట్టాలంటే మీ అత్తని బయట పెట్టాలి. రాయిస్ పేర రాసెయ్. పాపం, పిట్టలా అయిపోయాడు. తగిలితే కాస్త హుషారొస్తుంది."

"వాడికెందుకులే మామా."

"నీకెందుకురా ఏడుపు? నీ పేర రాస్తే నీ కాలు నువ్వే కాల్చుకుంటావ్."

ఎందుకు వద్దో చెప్పాలంటే గడప దాటాలి. రాశాను. గ్రోవర్ మామ రాయించాడని తెలిసి మిగతావాళ్ళూ రాయించారు. పోనీ, తగలదులే అనుకున్నాను. రాయిస్ తనతో తాను పేకాడినా ఓడిపోయే రకం.

శనివారం మధ్యాహ్నం హాల్లో భోజనాలు. ఎప్పట్లాగే కారం బీన్స్ మాంసం కూర, దాంట్లో ముంచుకోవడానికి చుట్టలు చుట్టిన దాల్చినచెక్క పాకం రొట్టెలు. నలుగురిలో పడితే మంచిదని అమ్మ రాయిస్‌ని కూడా తీసుకొచ్చింది. వాడు చివరి బల్ల దగ్గర కూర్చుని, రొట్టె చుట్టలు విప్పుతూ ఉండిపోయాడు. వదిన బడి వంటవాళ్ళతో వచ్చి కాఫీ పోస్తోంది. వెర్నా అత్త డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపి, ఒక టికెట్ తీసి, కళ్ళజోడు సర్దుకుంది.

"రాయిస్ టాగర్ట్!"

హాలు కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. నేనూరుకోలేదు. బల్లెక్కాను. "ఇవ్వొద్దు! వాడికి తుపాకీ ఇవ్వొద్దు! ఎవరైనా వినండి!" అని గొంతు చించుకున్నాను. మూడు ఊళ్ళ అవతల ఆవులు పాలు ఎగచేపి ఉంటాయి. ఏం లాభం? అందరూ పగలబడి నవ్వారు. గ్రోవర్ మామ కళ్ళు తుడుచుకుంటూ, "వీడికి తగల్లేదని కుళ్ళురా!" అన్నాడు. అప్పటికే చర్చి అంటుకుందని ఒకసారీ, మేయరు పోయాడని ఒకసారీ అరిచినవాణ్ణి. నా నోటికి విలువుంటే కదా.

రాయిస్ లేచి నడిచాడు. బ్యానరు కింద నిలబెట్టి, రైఫిల్ చేతిలో పెట్టి ఫొటో తీశారు. సోమవారం కొట్టుకొచ్చి కాగితాలు పూర్తిచేసి తీసుకెళ్ళమన్నాడు ఆర్లో.

ఇంటికొచ్చాక అమ్మ కోటు కూడా విప్పలేదు.

"కోల్బీ, గడప దాటినా సరే. పరువు పోతే పోయింది. ఆర్లోకి అంతా చెప్పు."

"సోమవారం కొట్టు తెరవగానే గుమ్మంలో ఉంటానమ్మా."

నేనుండేది ఊరికి దూరంగా, నేను పనిచేసే పశువుల రాంచ్‌లో రేకుల ఇంట్లో. సోమవారం పొద్దున చూస్తే ఏముంది, మంచు. కరెంటు స్తంభాలు మునిగిపోయాయి. ఆవులు పొగగొట్టాల మీద కూర్చుని చలి కాచుకుంటున్నాయి. తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఊళ్ళోకి వచ్చేసరికి రాయిస్ తీసుకెళ్ళిపోయాడు. వాడి బండి ఆ మంచులో ఎలా వచ్చిందో నన్నడక్కండి. అమ్మకి ఫోన్లో కూడా ఇదే చెప్పాను.

కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది, మీకు మతిస్థిమితం లేదని కోర్టు ఎప్పుడైనా తేల్చిందా అని. లేదని రాశాడు రాయిస్. అబద్ధం కాదు. కోర్టు తేల్చాలంటే డాక్టరు చెప్పాలి. డాక్టరు చెప్పాలంటే జులై రావాలి. ఆర్లో కాఫీ చల్లారేలోపు, కొనేవాళ్ళ గురించి వాకబు చేసే సర్కారు ఆఫీసు నుంచి సరేనని కబురొచ్చింది.

సాయంత్రం వాడే నాకు ఫోన్ చేశాడు.

"తెచ్చుకున్నాన్రా."

"మా దగ్గర పెట్టొచ్చు కదన్నా, మిగతావాటితో."

"పెడతాలే. ఒక్క నాలుగు రోజులు ఉండనీ. ఊరంతా కలిసి ఇచ్చారు కదరా. అంతమంది చేతిలో పెట్టారంటే నేను బాగానే ఉన్నట్టే కదా?"

"బాగానే ఉన్నావన్నా."

బుధవారం మధ్యాహ్నం రాయిస్ మళ్ళీ కార్లీన్ వదిన ఇంటి ఎదురుగా బండి ఆపాడు. ఈసారి దిగాడు. మూసిన తలుపు మీద కాల్చాడు. తలుపు వెనక వదిన ఉంది. తూటా ఆవిడ భుజంలో దిగింది. తర్వాత వాడు మెట్ల మీద కూర్చుని తనని తాను కాల్చుకున్నాడు. ఇందులో నేను కలిపిందేమీ లేదు.

సమాధి చేసి వచ్చాక మళ్ళీ అదే హాల్లో, అవే రొట్టెలు.

"తుపాకీ ఏం చేసింది? మనసు చెడింది," అన్నాడు గ్రోవర్ మామ.

"మనసు చెడినవాడి చేతికి అదెలా వచ్చింది మరి?" అంది బడి పంతులమ్మ.

"పెట్టింది మనమే కదా," అని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరో రొట్టెల పళ్ళెం ఇటు జరపమన్నారు.

"వాళ్ళింట్లోవాళ్ళు ఒక్క మాట నా చెవినేస్తే ఇచ్చేవాణ్ణా?" అన్నాడు ఆర్లో. కోపం లేదు. "ఒక్క మాట." అమ్మ నా వంక చూసింది. నేను పళ్ళెం వంక చూశాను.

వచ్చే ఏడు లాటరీ సంగతి కమిటీలో చర్చకొచ్చింది. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి, రాయిస్ మీద గౌరవంతో, ఈసారి చిన్న సైజు రైఫిల్ పెట్టాలని తీర్మానించారు.

లాటరీ డబ్బుతో కౌన్సిలర్ నిజంగానే వచ్చింది. ప్రతి మంగళవారం ఫైరింజను వెనకున్న చిన్న గదిలో కూర్చుంటుంది. బయట మడత కుర్చీలు వేశారు. అమ్మ పోరితే నేనూ వెళ్ళాను. అక్కడ కార్లీన్ వదిన కూర్చుని ఉంది, చెయ్యి మెడకి వేలాడగట్టుకుని. వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. వదిన కాలితో ఒక కుర్చీని నా వైపు నెట్టింది.

"లోపల ఏం చెబుతావ్?"

"జరిగిందే, వదినా."

"ముందు నాకు చెప్పు. ఎలాగూ ఆవిడ ఖాళీగా లేదు."

చెప్పాను. టికెట్ల సంగతి, గ్రోవర్ మామ సంగతి. బల్లెక్కి గొంతు చించుకోవడం, అందరూ నవ్వడం. సోమవారం మంచు. మీకు చెప్పినట్టే చెప్పాను, ఆవుల దగ్గర కాస్త తగ్గించి. అంతా అయ్యాక వదిన అడిగింది.

"ఏ బల్లెక్కావ్?"

"అదే... కాఫీ పెట్టిన బల్ల."

"కాఫీ దగ్గర ఉన్నది నేను కదరా."

లోపల గదిలో ఎవరో ముక్కు చీదుతున్నారు.

"నువ్వు అరవలేదు కోల్బీ," అంది వదిన. గొంతు పెంచలేదు. "ఈల వేశావ్. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, అందరికంటే ముందు. నేను నోరు తెరిస్తే విడిచిపోయిన పెళ్ళాం అక్కసంటారు. మాటిచ్చినవాడివి నువ్వు కదాని నీ వంకే చూస్తూ నిలబడ్డాను. కాఫీ పొంగి చెయ్యి కాలింది. అయినా నీ వంకే చూశాను."

ఏదో ఒకటి అనాలి కదా. నా నోరు తెరుచుకుంది. ఒక్క జోకు కూడా రాలేదు.

"మంచు లేదు వదినా," అన్నాను.

"తెలుసు. ఆ రోజు నేను బట్టలు ఆరేశాను."

"పదింటికి లేచాను. ఆర్లో దగ్గరికి పోవాలంటే, ఒకసారి నిజం చెప్పాలి, నవ్వకుండా. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. రాయిస్ పేర మొదటి టికెట్ రాసింది కూడా నేనే. గ్రోవర్ మామ కాదు. బార్లో రాసి, పైకి చదివాను. జింకలకి శుభవార్త అన్నాను. అందరూ నవ్వారు. తర్వాత అందరూ రాయించారు."

వదిన ఇంకా చూస్తూనే ఉంది.

"మరి ఈలెందుకు వేశావ్?"

"పేరు చదవగానే వాడు తలెత్తాడు. నన్నేనా అన్నట్టు అటూ ఇటూ చూసి, నవ్వాడు వదినా. నువ్వు నా వంక చూస్తున్నావు కాబట్టి నీకు కనబడి ఉండదు. నాకు కనబడింది. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకునేటప్పుడు నవ్వేవాడే, అలా. అరిస్తే ఆ నవ్వు పోతుంది. నీకిచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే వేశాను."